కోళ్ల సొమ్ముతో ఇంగ్లండు బంతాట
గెలిస్తే అందరిదీ... ఓడితే ఎవరిది?

తెల్లవారగానే షాద్‌నగర్, చౌటుప్పల్ చుట్టుపక్కల కోళ్ల రైతులు ముందుగా ఆరా తీసేది ‘నెక్’ గుడ్డు రేటు. షెడ్డులో ఉండేవి బీవీ 300 పెట్టలు, లేదంటే వెన్‌కాబ్ బ్రాయిలర్ పిల్లలు. ఈ పేర్లు పాలమూరు, నల్లగొండ పల్లెలకు కొత్త కాదు. కాని ఆ పిల్లలను అమ్మే కంపెనీ వారే ఏడు సముద్రాల అవతల ఒక ఫుట్‌బాల్ జట్టుకు యజమానులన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ జట్టు పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్. 1875లో పుట్టింది. బ్లాక్‌బర్న్ ఇంగ్లండులో ఒక చిన్న పట్టణం. మన పోచంపల్లి లాగే బట్టకు పేరుబడ్డ ఊరు. కాకపోతే అక్కడివి మగ్గాలు కావు, నూలు మిల్లులు. మిల్లులు మూతపడ్డా బంతాట మాత్రం మిగిలింది.

కొన్నది మన తెలుగువారే

హైదరాబాదుకు చెందిన బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను నెలకొల్పారు. పూనా కేంద్రంగా అది దేశమంతటా విస్తరించింది. ఆయన 1996లో కాలం చేశారు. ఆయన కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు వ్యాపారాన్ని చేపట్టారు. 2010 నవంబరులో ఈ కుటుంబమే బ్లాక్‌బర్న్ జట్టును 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొనుగోలు చేసింది. ఆనాటి లెక్కన అది 160 కోట్ల రూపాయలకు పైమాటే. జట్టు మీద ఉన్న అప్పులు అదనం.

అంతకు ముందు ఈ జట్టును పైకి తెచ్చింది ఆ ఊరివాడే అయిన జాక్ వాకర్ అనే ఉక్కు వ్యాపారి. చిన్ననాటి నుంచి తాను అభిమానించిన జట్టు కోసం ఆయన సొంత సొమ్ము గుమ్మరించాడు. 1995లో జట్టు ఇంగ్లండు ఛాంపియన్ అయింది. 2000లో ఆయన చనిపోయాడు. పదేళ్ల తర్వాత జట్టు చేతులు మారింది. డబ్బు పెట్టేవాడు ఊరివాడైనా, దూరపువాడైనా ఆటగాడి జీతం ఒకటే. కాని మైదానం గట్టు మీద నిలబడి చూసేవాడికి మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

మైదానంలోకి కోడి

కొన్న నెల తిరక్కముందే పాత శిక్షకుడు శామ్ అలర్డైస్‌ను తొలగించారు. 2011లో ఆటగాళ్లంతా కోడికాళ్లు తింటున్నట్టు టీవీలో కంపెనీ ప్రకటన వచ్చింది. జట్టు ఓడిపోతున్నకొద్దీ అదే ప్రకటన ఊళ్లో నవ్వులాటకు కారణమైంది. 2012 మే 7న విగన్ జట్టుతో ఆడుతుండగా, బ్లాక్‌బర్న్ జెండా కట్టిన కోడిని ఎవరో మైదానంలోకి వదిలారు. ఆ ఆటలో ఓడి, జట్టు పెద్ద లీగు నుంచి కిందికి జారింది. 2017లో ఇంకో మెట్టు దిగింది. మరుసటి ఏడాదే ఆ ఒక్క మెట్టు తిరిగి ఎక్కింది. పెద్ద లీగు మాత్రం అందలేదు.

అలాగని యజమానులు డబ్బు పెట్టలేదని ఎవరూ అనలేరు. ఈ పదిహేనేళ్లలో పెట్టింది 20 కోట్ల పౌండ్లు దాటిందని లెక్క. మరి డబ్బు పెట్టినా ఎందుకు గెలవలేదు? కోళ్ల రైతుకు ఇది తెలిసిన సంగతే. దాణా ఎంత పోసినా, షెడ్డు దగ్గర మనిషి లేకపోతే మంద నిలవదు. పూనాలో కూర్చుని బ్లాక్‌బర్న్‌ను నడపడం అంత తేలిక కాలేదు.

దీనికి తోడు పైకం పంపడంలోనూ చిక్కు వచ్చింది. విదేశీ మారకం విషయమై విచారణ కారణంగా 2023లో ఇంగ్లండుకు సొమ్ము పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కోరాల్సి వచ్చింది. 2024లో జట్టులో పెరిగిన కుర్రాడు ఆడమ్ వార్టన్‌ను వేరే జట్టుకు అమ్మేశారు. జట్టును అమ్మేస్తున్నారన్న పుకారు ప్రతి ఏడాదీ లేస్తుంది, మళ్లీ అణుగుతుంది. 2025 దాకా జట్టు చేతులు మారలేదు.

పూనా నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది

ఇంగ్లండు దాకా ఎందుకు? మన హైదరాబాదులోనే అంతకన్న పెద్ద పాఠం జరిగింది. 1950 నుంచి వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దాడు. ఆ ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. ఆట గెలిచినా ఓడినా ఒకటో తారీఖున జీతం వచ్చేది.

2019లో పూనా జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలను ఆపిన తీరు చూసి నగరం పండగ చేసుకుంది. ఏడాదిన్నర తిరగక ముందే జీతాల బకాయిలు బయటపడ్డాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోరాదని అంతర్జాతీయ సంస్థ ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చి, 22 ఆటల్లో ఒకే ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచింది. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు జట్టును చేపట్టింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో జెండా ఊపినవారిని ఒక్క మాట అడిగినవారు లేరు.

రేటు ఎవరు కట్టాలి?

ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టే యువజన సంఘాలకూ ఇది తెలిసిన బాధే. ఎవరో ఒక దాత బనియన్లు, కప్పు, భోజనాలు ఇస్తాడు. ఎన్నికలు అయిపోతే దాత కనిపించడు. నెట్టు కొనడానికి చందా మళ్లీ మొదలు.

జర్మనీలో దీనికి విరుగుడు ఉంది. అక్కడ చాలా జట్లలో సగానికి మించిన ఓట్లు సభ్యులైన అభిమానుల చేతిలోనే ఉండాలన్నది నియమం. ధనవంతుడు డబ్బు పెట్టవచ్చు, మాట మాత్రం అతని ఒక్కడిది కాదు. ఇంగ్లండులోనూ 2025లో చట్టం తెచ్చి, యజమానుల యోగ్యతను పరిశీలించే అధికారిని ఏర్పాటు చేశారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. గుడ్డు రేటు దళారుల చేతిలో ఉండరాదని, పెంచే రైతులే కలిసి కట్టుకోవాలని 1982లో ‘నెక్’ను నిలబెట్టింది బి.వి. రావుగారే. తమ కష్టం మీద తమ మాట చెల్లాలని ఆనాడు కోళ్ల రైతులు అడిగారు. ఇవాళ బ్లాక్‌బర్న్ గట్టు మీద నిలబడినవారు ఆయన పిల్లలను అడుగుతున్నదీ అదే మాట.