న్యూరాన్ కొవ్వు ముట్టదా?

మెదడు గ్లూకోజు తప్ప మరొకటి ముట్టదని స్కూలు పుస్తకం దగ్గర్నుంచి వైద్య కళాశాల దాకా చెబుతూ వచ్చాం. పస్తులుంటే కీటోన్లకు ఒప్పుకుంటుంది, అంతవరకే సడలింపు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే తూగుతూ శక్తిలో అయిదో వంతు ఖర్చుపెట్టే అవయవమిది. తడి తీసేస్తే దానిలో దాదాపు సగం కొవ్వు పదార్థాలే. అయినా ఆ కొవ్వు పొరలు కట్టుకోవడానికే తప్ప ఇంధనంగా పనికిరాదన్నారు. 2025లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన తిమొతీ ర్యాన్ బృందం నేచర్ మెటబాలిజం పత్రికలో ప్రకటించిన ఫలితాలు చూశాక ఈ పాఠాన్ని తిరగరాయక తప్పదనిపిస్తోంది. కథానాయకుడు డీడీహెచ్‌డీ2 అనే ఎంజైము.

దీన్ని మొదట్లో ఫాస్ఫోలైపేజుల జాబితాలో వేశారు, అంటే కణపొరల కొవ్వును తుంచే రకమని. పరీక్షనాళికలో ఆ పనీ చేస్తుంది కాబట్టి పూర్తిగా పొరపాటు అనలేం. అసలు పొరపాటు మరోచోట ఉంది. నిలవ కొవ్వును, అంటే ట్రైగ్లిజరైడ్లను విడగొట్టడంలో పేరుమోసిన ఎంజైము ఏటీజీఎల్. 2004లో ఆస్ట్రియాలోని గ్రాజ్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. మెదడులో అది ఎక్కువగా ద్రవం నిండిన గదుల అంచు కణాల్లోనే కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద ఆరోగ్యమైన న్యూరాన్లలో కొవ్వు బిందువులు దాదాపు కనబడవు. కరిగించేదీ లేదు, కరగాల్సిందీ లేదు, కాబట్టి న్యూరాన్‌కు ఈ వ్యవహారంతో సంబంధమే లేదని తేల్చేయడం సులువైంది. కానీ చెరువులో నీళ్లు నిలవకపోతే వాగు రావడం లేదనే అనుకోనక్కర్లేదు, తూము తెరిచి ఉండొచ్చు. తూము మూస్తేనే సంగతి తెలుస్తుంది. ప్రకృతి ఆ ప్రయోగం ముందే చేసిపెట్టింది. డీడీహెచ్‌డీ2 జన్యువు రెండు ప్రతులూ చెడిన పిల్లల్లో కాళ్లు బిగుసుకుపోతాయి, మేధో వికాసం వెనకబడుతుంది. 2012లో ఈ జబ్బును వర్ణించినవారు స్పెక్ట్రోస్కోపీలో ఆ మెదళ్లలో ఉండకూడని కొవ్వు గుర్తు చూశారు. రెండేళ్లకు కాలిఫోర్నియాలో, స్క్రిప్స్ సంస్థలోని బెంజమిన్ క్రావట్ బృందం ఎలుకల్లో ఆ జన్యువు తీసేసి చూస్తే మెదడులో ట్రైగ్లిజరైడ్లు పేరుకున్నాయి, న్యూరాన్లలో బిందువులు బారులు తీరాయి. అంటే కొవ్వు తయారవుతూనే ఉంది. తయారైనది తయారైనట్టే కరిగిపోతోంది.

కరిగి ఎటు పోతోందన్నదే ర్యాన్ బృందం పట్టుకున్న దారం. ప్రయోగశాలలో పెంచిన న్యూరాన్లలో విద్యుత్ సంకేతాలు ఆపేస్తే, ఎంజైమును అడ్డుకోకపోయినా, బిందువులు పోగుపడ్డాయి. నాడీతంతువు కొసన, పక్క కణానికి సంకేతం అందించే చోట కూడా పోగుపడ్డాయి. పని మళ్లీ మొదలవగానే అక్కడి కొవ్వు ఆమ్లాలు అక్కడి మైటోకాండ్రియాలోకే వెళ్లి కణం శక్తి నాణెమైన ఏటీపీ తయారీకి పనికొచ్చాయి. పని ఉంటే ఖర్చు, లేకుంటే నిలవ! ఇంత తీరైన లెక్క ఉన్న వ్యవస్థను వ్యర్థాల పోగు అనడం కష్టం.

అభ్యంతరాలు తేలికైనవేం కావు. కొవ్వును మండించడం నెమ్మది పని, ఆక్సిజనూ ఎక్కువ అడుగుతుంది, కణాన్ని కాల్చే ఉపఉత్పత్తులూ వస్తాయి. నిజమే. అయితే ఒక్క పామిటిక్ ఆమ్లం అణువు నుంచి సుమారు 106 ఏటీపీలు దక్కుతాయి, గ్లూకోజుకైతే 30, 32 మించవు. గ్లూకోజు ప్రధాన ఇంధనం కాదని ఎవరూ అనడం లేదు. కణదేహానికి దూరంగా ఉన్న కొసల్లో ఇంత చిక్కటి నిలవ ఉంటే వాడకుండా వదులుతుందా అన్నదే ప్రశ్న. మరో వాదన: 2019లో సెల్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అతిగా ఉత్తేజితమైన న్యూరాన్లు హానికర కొవ్వు ఆమ్లాలను తోడు కణాలైన ఆస్ట్రోసైట్లకు పంపేస్తాయి, మండించేది అవే. రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు. మోతాదు మించినది పక్కింటికి వెళ్తుంది, సరిపడా ఉన్నది ఇంట్లోనే ఖర్చవుతుంది. అసలు మెదడు ముక్కను మొత్తంగా రుబ్బి కొలిచే అలవాటే ఈ తగాదాకు మూలం. ఉదాహరణకు ఒకే రసాయన చర్యకు డీఏజీఎల్ ఆల్ఫా అనే మరో ఎంజైము న్యూరాన్లలో ముఖ్యమైతే, దాని తోబుట్టువు బీటా, మెదడు కాపలా కణాలైన మైక్రోగ్లియాలో ముఖ్యం. రుబ్బితే ఇద్దరూ ఒకరైపోతారు.

గట్టి అభ్యంతరం మూడోది. డీడీహెచ్‌డీ2 పోతే నష్టం శక్తి కొరతవల్లనా, పొరలకు కావాల్సిన కొవ్వు ఆమ్లాల కొరతవల్లనా? ఆ ఎంజైమును అడ్డుకున్న ఎలుకలు త్వరలోనే మందకొడి శీతనిద్రలాంటి స్థితిలోకి జారాయి. కొవ్వును మైటోకాండ్రియాలోకి పంపే ద్వారం, సీపీటీ1ను మూసినా అదే జరిగింది. సీపీటీ1 ఒళ్లంతా ఉంది కనుక ఆ సాక్ష్యం ఒంటరిగా నిలవదు. డీడీహెచ్‌డీ2 ప్రధానంగా న్యూరాన్లదే గాని దానికి వేరే పనులూ ఉన్నాయి. ఒకదాని లోపం మరొకదానికి లేదు, ఫలితం ఒక్కటే. నా ఓటు శక్తి వాదానికే.

ఉపయోగమా? డీడీహెచ్‌డీ2 చెడినందువల్ల పిల్లలకు వచ్చే ఆ జబ్బు అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడ్డ ప్రతులు అందితేనే వస్తుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లలో జన్యు పరీక్ష మాటెత్తడానికి ఇదొక కారణం. ఇక ‘మెదడుకు మేత’ అంటూ సీసాలు అమ్మేవాళ్లకు ఈ వార్త పండగే. మనం తిన్న నెయ్యి నేరుగా వెళ్లి నాడీతంతువు కొసన బిందువై కూర్చోదని వాళ్లు చెప్పరు.