అమ్మ దాచుకున్న డైరీ

మన ఇళ్ళలో అమ్మమ్మ పోయిన తరువాత ఆమె ట్రంకుపెట్టె తెరిచి చూస్తాము. రెండు నేతచీరలు, అంచులు నలిగిన బైబిలు, చెంగుగుడ్డలో ముడివేసిన చిల్లర, ఎప్పటివో నాలుగు ఉత్తరాలు ఉంటాయి. వాటిని చేత పట్టుకొని, ‘ఈమె చిన్నతనంలో దేనికి నవ్వేదో, దేనికి ఏడ్చేదో ఒక్కనాడైనా అడిగి తెలుసుకోలేదే’ అని బాధపడతాము. ఈ నెల మేము మీకు పరిచయం చేస్తున్న తల్లి తన బిడ్డలకు ఆ బాధ మిగల్చలేదు.

ఆమె పేరు ఏంజెలెస్ మొన్రాయో. 1912లో ఫిలిప్పీన్స్ దేశంలోని రోంబ్లోన్ దీవులలో జన్మించింది. పాలు మరువని వయస్సులోనే తలిదండ్రులు ఆమెను ఎత్తుకొని హవాయి దీవులకు ఓడ ఎక్కారు. అప్పటికి ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉన్నది. హవాయిలోని చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చి ఆ దేశం వైపు చూశారు. 1906 డిసెంబరులో మొదటి జట్టుగా 15 మంది ఫిలిపినో కూలీలు అక్కడ దిగారు. ఆ తరువాత వేలమంది వెళ్ళారు. మన తీరప్రాంతాల నుండి రంగూనుకు, నేటాలుకు, ఫిజీకి కూలికి వెళ్ళిన కుటుంబాల కథ తెలిసిన వారికి ఈ కథ కొత్త కాదు.

చెరకుతోటలో బ్రతుకు తేలికైనది కాదు. వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు ఎండలో పని. కూలీని పేరుతో పిలిచేవారు కారు. ‘బాంగో’ అనే లోహపు బిళ్ళపై ఉన్న అంకెతో గుర్తించేవారు. 1924లో ఫిలిపినో కూలీలు రోజుకు రెండు డాలర్ల కూలి, ఎనిమిది గంటల పని కావాలని సమ్మె చేశారు. సమ్మె చేసినవారిని తోటల ఇళ్ళలోనుండి వెళ్ళగొట్టారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 9న కవాయి దీవిలోని హనపేపే అనే ఊరిలో జరిగిన ఘర్షణలో 16 మంది కూలీలు, నలుగురు పోలీసులు మరణించారు.

ఆ దినాలలో హోనోలులులోని సమ్మె శిబిరంలో తలదాచుకున్న పిల్లలలో ఏంజెలెస్ ఒకతె. పదకొండేళ్ళ వయస్సు. చుట్టూ ఇల్లు కోల్పోయిన సంసారాలు. ఆ పిల్ల ఏమి చేసిందనుకుంటున్నారు? కలం పట్టుకొని ఏనాటి సంగతి ఆనాడే వ్రాసుకున్నది. పెద్దల సమ్మె గురించి పత్రికలు వ్రాశాయి, ప్రభుత్వం వ్రాసింది, కోర్టులు వ్రాశాయి. కాని ఆ శిబిరంలో ఒక ఆడపిల్లకు దినం ఎలా గడిచిందో వ్రాసింది ఆమె. బిళ్ళమీది అంకెలుగా బ్రతికిన మనుష్యులు ఆ పుటలలో తిరిగి పేరుగల మనుష్యులయ్యారు.

1927లో కుటుంబం కాలిఫోర్నియా చేరింది. అక్కడ స్టాక్టన్ పట్టణం చుట్టూ ఆస్పరాగస్ అనే కూరపంట పొలాలు. ఫిలిపినోలు వంగిన నడుము ఎత్తకుండా ఆ మొలకలు కోసేవారు. పట్టణంలో ఒక హోటలు వాకిట ‘ఫిలిపినోలకు ఎంతమాత్రం ప్రవేశం లేదు’ అని పలక కట్టి ఉండేది. 1930 నాటికి కాలిఫోర్నియాలో ఫిలిపినో పురుషులు పధ్నాలుగు మంది ఉంటే స్త్రీ ఒక్కతె. కనుక అక్కడ ఒక ఫిలిపినో తల్లి ఇల్లు ఆ ఒక్క కుటుంబానికే ఇల్లు కాదు. తల్లిని, అక్కచెల్లెళ్ళను సముద్రం అవతల విడిచి వచ్చిన కుర్రవాళ్ళు తమ భాష విని, తమ వంట తిని కన్నీళ్ళు తుడుచుకొనే చోటు కూడా అదే.

1928లో ఏంజెలెస్‌కు వివాహం జరిగింది. ఆమె అచ్చయిన డైరీ ఆ సంవత్సరంతోనే ముగుస్తుంది. పొయ్యి, ఉయ్యాల, పొలం మధ్య తిరిగే ఇల్లాలికి కలం పట్టే తీరిక ఎంత దొరుకుతుందో మన స్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరం తల్లులు బిడ్డలను పెంచిన కాలం ఎటువంటిదో గుర్తుంచుకోవాలి. 1934లో వచ్చిన చట్టం ఫిలిప్పీన్స్ నుండి ఏడాదికి 50 మందిని మాత్రమే రానిచ్చింది. అమెరికాలో ఎన్నాళ్ళు చెమటోడ్చినా వారికి పౌరసత్వం లేదు. 1946 జూలై 2న సంతకమైన చట్టంతోనే వారికి ఆ హక్కు కలిగింది. మరొక సంగతి గమనించండి: అదే చట్టం భారతదేశం నుండి వెళ్ళినవారికి కూడా ఆ హక్కు ఇచ్చింది. రెండు జనులకూ ఒకే దినాన తలుపు తెరుచుకున్నది.

మోయాబు నుండి వచ్చి పరాయి చేలలో పరిగె ఏరుకున్న రూతును మనం ఎరుగుదుము. ఆమె కథ వ్రాసి ఉంచకపోతే, బేత్లెహేము పొలాలలో పనిచేసిన అనేక స్త్రీలలో ఆమె కూడా మరుగున పడిపోయేది.

ఏంజెలెస్ గారు మనుమలను కూడా చూసేంత దీర్ఘాయుష్షు గడిపి 2000లో కన్నుమూశారు. అప్పటికి స్టాక్టన్‌లోని ఫిలిపినోల పేట చాలా భాగం నేలమట్టమైపోయింది. 1960వ దశకం చివర పెద్ద రహదారి కోసం దానిని పడగొట్టారు. ఇళ్ళు పోయాయి, అంగళ్ళు పోయాయి. డైరీ మిగిలింది. కుమార్తె రిజలీన్ రేముండో తల్లి వ్రాతలను శ్రద్ధగా కూర్చగా, 2003లో హవాయి విశ్వవిద్యాలయ ముద్రణాలయం వాటిని ‘టుమారోస్ మెమరీస్’, అనగా ‘రేపటి జ్ఞాపకాలు’ అనే పేరుతో పుస్తకంగా ప్రచురించింది. తల్లి వ్రాసింది, బిడ్డ విలువ ఎరిగింది. ఈ రెండూ కలిస్తేనే ఒక కుటుంబానికి జ్ఞాపకం నిలుస్తుంది.

ప్రియ పాఠకులారా, మన గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి ఎందరు తల్లులు బిడ్డలను అమ్మమ్మల చేతిలో పెట్టి కువైట్ వెళ్ళలేదు? వారు పంపిన డబ్బుతో వేసిన స్లాబు మనకు కనబడుతున్నది. ఆ స్లాబు వెనుక ఎన్ని రాత్రుల కన్నీళ్ళు ఉన్నాయో ఎవరు వ్రాసి ఉంచారు?

మీ అమ్మకు చదువు రాకపోవచ్చు. మీకు వచ్చు గదా! ఈ ఆదివారం భోజనాలయ్యాక ఒక నోటుపుస్తకం తీసుకొని ఆమె ప్రక్కన కూర్చోండి. ‘అమ్మా, నీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పు’ అని అడగండి. ‘నా బ్రతుకులో ఏముందిరా చెప్పడానికి’ అని ఆమె కొంగుతో ముఖం తుడుచుకోవచ్చు. తొందరపెట్టకండి. కాసేపటికి ఆమే మొదలుపెడుతుంది. ఆమె చెప్పింది చెప్పినట్లే వ్రాయండి. పైన తేదీ వేయడం మరువకండి.