కుక్కపిల్లకు శుచి నేర్పుట

చాపమీద తడిచేసినదని మా కుక్కపిల్ల ముక్కును అందులో రాచి కొట్టితిని. నాటినుండి అది నన్ను చూచి మంచము క్రింద దాగి అచ్చటనే మూత్రించుచుండెను. తప్పు నాదే. గడచిన పనికిని దెబ్బకును గల సంబంధమును అది గ్రహింపజాలదు.

రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి బిగబట్టలేదు. టీకాలు ముగియువఱకు, అనగా సుమారు 16 వారముల ప్రాయమువఱకు, వీధికుక్కలు తిరుగు నేలపై దింపుట అపాయము. కావున ఇంటనే యొకమూల, పైన తడిని పీల్చు పొరయు అడుగున ప్లాస్టిక్కును గల ప్యాడు పఱువవలెను. నిద్ర లేవగనే, తిండి తిన్న పిమ్మట, నేలను వాసన చూచుచు గుండ్రముగ తిరిగినపుడు దానిని ఎత్తి అందుపై నుంచుడు. పని ముగిసిన క్షణముననే మెచ్చుకొని చిన్న తినుబండార మీయుడు. తడిసిన నేలను అమ్మోనియాతో కడుగవలదు; ఆ వాసన మూత్రపు వాసనవలె నుండి దానిని మరల అచ్చటికే పిలుచును.

మా పిల్ల ప్యాడు నెఱుగుటకు నెల పట్టినది. మంచము క్రిందనుండి నాయొద్దకు వచ్చుటకు అంతకంటె నెక్కువ.