అన్నవరం హైస్కూల్ ఏడాది: ఒకే ఊరు, రెండు క్యాలెండర్లు

ఈరోజు ఎపిసోడ్‌లో టాపిక్ చాలా సింపుల్‌గా కనిపిస్తుంది. ఒక చిన్న ఊళ్ళో గవర్నమెంట్ హైస్కూల్‌కి ఒక ఏడాది ఎలా గడుస్తుంది? ఊరు మన అన్నవరం. కాకినాడ జిల్లా, శంఖవరం మండలం. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది.

అన్నవరం అనగానే అందరికీ రత్నగిరి, సత్యనారాయణ స్వామి, ఆకులో కట్టిచ్చే ఆ గోధుమ నూక ప్రసాదం గుర్తొస్తాయి. కానీ కొండ కింద ఊరు ఉంది, ఊళ్ళో బళ్ళున్నాయి, బళ్ళో పిల్లలున్నారు. ఈ పిల్లలకి రెండు క్యాలెండర్లు నడుస్తాయి. ఒకటి విద్యాశాఖది, రెండోది పంచాంగం. ఈ రెండూ ఎక్కడ ఢీకొంటాయో తెలిస్తే ఏడాది మొత్తం అర్థమైపోతుంది.

ముందు బడి క్యాలెండర్ చూద్దాం. జపాన్‌లో బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, యూరప్‌లో చాలా దేశాల్లో సెప్టెంబర్ ప్రాంతంలో. మనకి జూన్. కారణం మీకు తెలిసిందే, ఎండలు. ఏప్రిల్ చివర్లో సెలవులిస్తే మళ్ళీ జూన్ 12 దగ్గర తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు ఉన్న కిట్ అప్పుడే వస్తుంది. 2025 నుంచి దానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని పేరు.

మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఎవరో చాలామందికి తెలీదు. కోనసీమలో లంకల గన్నవరం. దారిన పోయేవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. 1909లో పోయారు. మన గోదావరి వైపు మనిషి పేరు ఇవాళ రాష్ట్రమంతా బడి పళ్ళేల మీద ఉందన్నమాట.

ఇక పరీక్షలు. ఏడాదికి ఎఫ్‌ఏలు నాలుగు, ఎస్‌ఏలు రెండు. ఎఫ్‌ఏ అంటే చిన్న పరీక్ష, ఎస్‌ఏ అంటే పెద్దది. మొదటి ఎఫ్‌ఏ ఆగస్టు ప్రాంతంలో, మొదటి ఎస్‌ఏ నవంబర్ ప్రాంతంలో. మధ్యలో దసరా, ఆ తర్వాత సంక్రాంతి సెలవులు. ఫిబ్రవరి వస్తే టెన్త్ వాళ్ళకి ప్రీ ఫైనల్స్, మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, పబ్లిక్ పరీక్షలు.

ఇప్పుడు దీని పక్కన పంచాంగం పెట్టండి. శ్రావణం ఆగస్టులో. పెళ్ళిళ్ళు, కొత్త జంటల వ్రతాలు. కార్తీకం అక్టోబర్, నవంబర్‌లలో. అది అన్నవరానికి అసలు సీజన్. పౌర్ణమికి గిరి ప్రదక్షిణ ఉంటుంది. మాఘం ఫిబ్రవరి వైపు, మళ్ళీ పెళ్ళిళ్ళు. చూశారా? ఊరికి పని ఎక్కువ ఉండే మూడు మాసాలూ బడికి పరీక్షలుండే రోజులకే దగ్గరగా వస్తున్నాయి. స్వామి కల్యాణం ఒక్కటే వైశాఖంలో, వేసవి సెలవుల్లో పడుతుంది.

ఇందులో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. కొబ్బరికాయల కొట్టు, పూల బుట్ట, ఆటో, వంట పని, వీటి మీద బతికే ఇంటికి కార్తీకం నెల సంపాదన చాలా ముఖ్యం. టెన్త్ చదివే అబ్బాయిని "ఒరే, ఈ సోమవారం ఒక్కరోజు కొట్టు చూసుకోరా" అనడం పెద్ద విషయంలా అనిపించదు. కానీ లెక్క వేయండి. వారానికి రెండు రోజుల చొప్పున నాలుగు వారాలు, మొత్తం ఎనిమిది రోజులు. రోజుకో లెక్కల పీరియడ్ అనుకున్నా ఎనిమిది పీరియడ్లు పోయాయి. ఒక చాప్టర్ మొదలై అయిపోవడానికి అది చాలు. తర్వాతి చాప్టర్ దాని మీదే నిలబడి ఉంటే, అది కూడా అర్థం కాదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నాకు అలవాటైన పని ఒకటుంది. డెడ్‌లైన్ నుంచి వెనక్కి లెక్కపెట్టడం. ఇక్కడ కూడా అదే చేద్దాం. ఎక్కడ ఏం పోగొట్టుకోకూడదో నాలుగు పాయింట్లు చెప్తాను.

ఒకటి, ఎనిమిదో తరగతి. ఎన్‌ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. గవర్నమెంట్, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, అంటే మొత్తం 48,000 రూపాయలు. ఈమధ్య పరీక్ష డిసెంబర్‌లో పెడుతున్నారు, అప్లికేషన్ అంతకు ముందే. సరిగ్గా ఊరంతా హడావిడిగా ఉండే రోజులు. అందుకే దసరాకి ముందే సార్‌ని అడిగేయండి.

రెండు, టెన్త్ నామినల్ రోల్స్. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ బడి నుంచి బోర్డుకి వెళ్తాయి. రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా చాలాసార్లు చూసేది టెన్త్ మెమోనే. ఒక అక్షరం తేడా ఉన్నా తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ రోజు బడికెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి. అమ్మానాన్నలకి కుదరకపోతే మీరే ఆధార్ పట్టుకెళ్ళండి.

మూడు, టెన్త్ మార్కులు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు. ఆరేళ్ళ కోర్సు, చివర బీటెక్. గవర్నమెంట్ బళ్ళలో చదివిన పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. "కార్పొరేట్ స్కూల్లో చదవలేదు కదా" అని బాధపడేవాళ్ళు ఈ రూల్ గుర్తుపెట్టుకోండి.

నాలుగు, ఫెయిలైతే. 2025లో రాష్ట్రంలో రెగ్యులర్‌గా 6.14 లక్షల మంది రాస్తే 81.14 శాతం పాసయ్యారు. అంతకు ముందు ఏడాది 86.69, 2023లో 72.26, 2022లో 67.26. అంటే మంచి ఏడాదిలో కూడా వేలకు వేల మంది తప్పుతున్నారు. వాళ్ళలో మీ ఫ్రెండ్ ఉండొచ్చు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, సప్లిమెంటరీ మే 19న మొదలైంది. మధ్యలో నెల కూడా లేదు. ఆ రోజుల్లో ఏడుస్తూ కూర్చుంటే ఫీజు తేదీ దాటిపోతుంది. ఫీజు కట్టించండి, పక్కన కూర్చుని చదివించండి. అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చు.

పెద్దవాళ్ళు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే ఒక్క మాట. కార్తీకంలో కొట్టుకి మనిషి కావాల్సిందే, కాదనను. సాయంత్రం బడి వదిలాక పిలవండి, ఆదివారం పిలవండి. సోమవారం మాత్రం ప్రేయర్ బెల్ టైముకి పంపించేయండి. పిల్లలూ, మీరు కూడా, వెళ్ళని రోజు ఏం చెప్పారో ఆ రాత్రే ఫ్రెండ్ నోట్స్ ఫోటో తెప్పించుకుని రాసుకోండి. చేతిలో ఫోన్ ఉంది కదా, దానికీ కాస్త పని చెప్పండి.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి రెండో క్యాలెండర్ ఉంటుంది. కొన్ని చోట్ల వరి కోతలు, కొన్ని చోట్ల రొయ్యల చెరువులు, కొన్ని చోట్ల జాతర. అది ఏ పరీక్ష మీద పడుతోందో కామెంట్‌లో రాయండి. టెన్త్ చదివే తమ్ముడో చెల్లో ఉంటే, నామినల్ రోల్స్ పాయింట్ ఇవాళే వాళ్ళకి చెప్పండి. ఉంటాను మరి.