శనివారం రాత్రి నేను పేస్ట్ చేసిన ప్రార్థన చీటీ

నాకు 28 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని వారంలో సగం రోజులు ఖమ్మం దగ్గర మా టౌన్లోనే ఉంటా. ఆదివారం ఉదయం మాత్రం ఎక్కడున్నా మా చర్చికి వచ్చి పడాల్సిందే. లేకపోతే అమ్మ ఫోన్ ఆగదు.

మాది సీఎస్ఐ సంఘం. మా నానమ్మ ఇప్పటికీ చర్చి అనదు, 'గుడి' అంటుంది. ఆ గుడి గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. కానుకల పెట్టె కాదు, ప్రార్థన చీటీల పెట్టె. జ్వరం తగ్గాలనో, పరీక్ష పాసవ్వాలనో, పొలం కేసు తేలాలనో రాసి అందులో వేస్తారు. రాయడం రానివాళ్లు పక్కవాళ్లతో రాయిస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు పెట్టె తెరిచి, చీటీలన్నీ జేబులో వేసుకుని వెళ్లిపోతారు. మా వైపు పాస్టర్‌ని అందరూ 'అయ్యగారు' అనే పిలుస్తారు.

చిన్నప్పటి నుంచీ చూస్తున్నా గానీ, ఉద్యోగంలో చేరాక ఆ పెట్టె నాకు వేరేగా కనిపించడం మొదలైంది. ఒకే కాపీ, బ్యాకప్ లేదు, మొత్తం డేటా ఒక మనిషి చొక్కా జేబులో! దీన్ని బాగుచేయాలనిపించింది. మీలోనూ ఇంజినీర్లుంటే ఈ దురద తెలిసే ఉంటుంది.

గూగుల్ ఫామ్ చేశా. ఫోన్ లేనివాళ్ల చీటీలు టైప్ చేయడానికి ఇద్దరు యూత్ పిల్లల్ని పెట్టా. శనివారం రాత్రి షీట్‌లో ఉన్నదంతా కాపీ చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పేస్ట్ చేసేవాణ్ని. ఇంటి నుంచే అందరూ ప్రార్థన చేస్తారు కదా అని. మొదటి వారమే బోలెడు దండాల ఎమోజీలు వచ్చాయి. సంఘ పెద్ద ఒకాయన అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. అయ్యగారు మాత్రం "చూద్దాం బాబూ" అన్నారంతే. పాతకాలం మనిషి, టెక్నాలజీ అంటే భయం అనుకున్నా.

ఐదో వారం పేస్ట్ చేసిన వాటిలో ఒకటి మా చర్చిలో మూడో వరుసలో కూర్చునే ఆంటీది. పేరు ఇక్కడ రాయను. కొడుకు తాగుడు మానేశాడు, మళ్లీ ఆ జోలికి పోకుండా ప్రార్థన చేయమని ఆమె రాయించింది. పిల్లాడు ఆమె పేరు, వీధి పేరుతో సహా టైప్ చేశాడు. నేను చదవను కూడా చదవలేదు. సెలెక్ట్ ఆల్, కాపీ, పేస్ట్.

గ్రూపులోంచి ఎవరో ఫార్వర్డ్ చేశారు. సోమవారం పొద్దున ఆటో స్టాండులో ఆ మెసేజ్ ఆ అబ్బాయికే చూపించి నవ్వారట. వాడు ఆటో నడుపుతాడు. ఆ సాయంత్రం తాగి ఇంటికెళ్లి, "నన్ను గుడిలో చాటింపు వేయించావా అమ్మా?" అని అడిగాడట.

విషయం తెలియగానే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టా. మా గ్రూపులో పోయింది. ఫార్వర్డ్ అయింది ఎక్కడ పోతుంది? ఆఫీసులో డేటా ప్రైవసీ ట్రైనింగ్ ఏటా క్లిక్ చేసి పాసవుతా. 2023లో మన దేశంలో దానికి చట్టం కూడా వచ్చిందని మా టీమ్‌కి స్లైడ్లు చేసింది నేనే. చర్చికొచ్చేసరికి అదంతా గుర్తు రాలేదు. ఇక్కడ అందరం ఒక కుటుంబమేగా అనుకున్నా.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. మా ఆరాధనలో 'సమాధానం' ఇచ్చుకోవడం అని ఒక ఘట్టం ఉంటుంది. అయ్యగారు బల్ల దగ్గర మొదలుపెడితే ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి అది వరుసలన్నీ దాటి వెనక్కి వస్తుంది. సీఎస్ఐ సంఘాలన్నీ 1947లో ఒక్కటయ్యాక తయారైన ఆరాధన క్రమంలోనే ఈ పద్ధతి ఉంది. ఆ రోజు మూడో వరుసలో ఆమె చోటు ఖాళీ. పక్కనున్నావిడ ఎడంగా చేయి చాపి అవతలి మనిషికి అందించింది. నాకు ముద్ద మింగుడుపడనట్టు అయింది. తర్వాతి రెండు ఆదివారాలూ అంతే.

చివరికి అయ్యగారి దగ్గరికెళ్లా. తిడతారనుకున్నా. "మంగళవారం లీవ్ పెట్టు, నాతో రా" అన్నారు.

ఆయన కింద మా టౌన్ సంఘంతో పాటు తొమ్మిది ఊళ్లున్నాయి. ఒక్కో ఊళ్లో చిన్న గుడి, వారం వారం ఆరాధన నడిపే ఉపదేశి. ప్రభు భోజన సంస్కారం ఇవ్వాలంటే మాత్రం అభిషేకం పొందిన గురువే రావాలి. అందుకే ఆదివారాలు ఆయన ఊళ్లు పంచుకుని తిరుగుతారు, మిగతా రోజులు ఇళ్లు. మనకు కనిపించేది మైకు ముందు అరగంట ప్రసంగమే. అసలు పరిచర్య బైకు మీద, ఎండలో జరుగుతుంది. మా ప్రాంతానికి ఇది కొత్త కాదులెండి. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య మా దోర్నకల్‌లోనే ఉండేవారు. తమిళుడు. ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు.

ఆ మంగళవారం ఆరు ఇళ్లకెళ్లాం. ఎవరింట్లోనూ అయ్యగారు వెంటనే బైబిల్ తెరవలేదు. ఒకచోట గేదె ఈనిందా అని అడిగారు. ఇంకోచోట మంచంలో ఉన్న తాతయ్య కళ్లజోడు తుడిచిచ్చారు. మజ్జిగ తాగారు. అసలు మాట చివర్లో, లేవబోయే ముందు, గొంతు తగ్గించి వచ్చేది. అప్పుడు ప్రార్థన, రెండే రెండు నిమిషాలు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆయన డైరీ చూపించారు. పేర్లు లేవు. ఒక అక్షరం, ఒక తేదీ, పక్కన చిన్న టిక్కు. పాస్‌వర్డ్ అక్కర్లేని ఎన్‌క్రిప్షన్!

"మరి పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు అందరి ముందూ చదువుతారు కదండీ?" అన్నా, కొంచెం వాదించాలనే.

"అది ఊరికి తెలియాలి కాబట్టి చదువుతాం. చీటీ ఊరి కోసం రాసింది కాదు బాబూ. గదిలోకెళ్లి తలుపేసుకోమని ప్రభువు చెప్పింది మత్తయిలో ఉంది, ఆరో అధ్యాయం. మనిషి తలుపు కొంచెం తీసి చీటీ లోపలికి ఇచ్చింది. నువ్వు తలుపే పీకేశావు."

"మరి మొదట్లోనే ఆపొచ్చు కదండీ!"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఆపాల్సింది. కుర్రాళ్లు చర్చి పనికి ముందుకొస్తుంటే కాదనబుద్ధి కాలేదు. ఆ తప్పు నాది."

ఏడో ఇల్లు ఆంటీది. అబ్బాయి బయట ఆటో కడుగుతున్నాడు. నన్ను చూసి బకెట్ పక్కన పెట్టాడు.

"నువ్వేనా ఆ గ్రూపులో పెట్టింది?"

"నేనే బ్రదర్. చదవకుండా పెట్టా. తప్పు నాదే. సారీ."

"22 రోజులు లెక్కపెట్టుకున్నా. నీకేం, సారీ అంటావు. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాల్సింది నేను."

నా దగ్గర జవాబు లేదు. అయ్యగారు కూడా సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు. కాసేపు ఆటో మైలేజీ గురించి అడిగి, "ఇవాళ ఎన్నో రోజు?" అన్నారు. "నాలుగు" అన్నాడు వాడు. అయ్యగారు డైరీ తీసి ఏదో గీసుకున్నారు. లోపల ఆంటీ నాకు టీ ఇచ్చింది గానీ మాట్లాడలేదు. కోపం ఉన్నా టీ ఇవ్వడం మానరు మా వాళ్లు.

ఫామ్ తీసేశా. షీట్ కూడా డిలీట్ చేశా. గ్రూపులో ఇప్పుడు ఆరాధన టైమింగ్స్, కూటాల వివరాలు, అంత్యక్రియల కబుర్లే. కొందరు యూత్‌కి నచ్చలేదు, వెనక్కి పోతున్నాం అన్నారు. అననీయండి.

ఐదో ఆదివారం ఆంటీ వచ్చింది. మూడో వరుసలో కాదు, వెనక తలుపు దగ్గర కూర్చుంది. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికొచ్చి నా చేతిలో ఒక చీటీ పెట్టింది. నాలుగు మడతలు.

"పెట్టె ఎత్తులో ఉంది, నాకందట్లేదు. నువ్వు వెయ్యి నాన్నా. చదవకు."

చదవలేదు. పెట్టెలో వేశా. మంగళవారం పొద్దున స్టాండప్ కాల్‌లో ఉండగా కిటికీలోంచి చూశా. అయ్యగారి బైకు వాళ్ల వీధిలోకి తిరిగింది.