వైరు ఖరీదు చెవికి తెలుస్తుందా?

హైఫై అభిరుచి ఉన్నవాళ్ల మధ్య తరచూ రేగే తగవు వైర్ల గురించే. యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి వెళ్లే తీగల మీద లక్షలు పోసేవాళ్లున్నారు. కొత్త వైరు వేశాక గాయని గొంతు ముందుకొచ్చిందని, తబలా బిగువుగా పలుకుతోందని చెబుతారు. వాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్లకి నిజంగానే అలా వినిపిస్తుంది. మరి మారింది గదిలోని ధ్వనా, వినే మనసా?

ముందు వైరు సంగతి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరే తీసుకుందాం. స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోనూ రానూ 10 మీటర్లు. అంత పొడవుకి నిరోధం సుమారు 0.07 ఓమ్. అవతల స్పీకర్‌ది 8 ఓమ్‌లు. ఈ వైరు మింగేసే ధ్వని డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. మరీ సన్నటి వైరుని చాలా దూరం లాగితే తేడా వస్తుంది, నిజమే. దానికి లావుపాటి రాగి తీగ చాలు, వెండి పూత అక్కర్లేదు.

అయినా తేడా వినిపించిందంటే కారణాలు రెండు. మొదటిది శబ్దం హెచ్చుతగ్గు. రెండు పరికరాల్లో ఒకటి అర డెసిబెల్ గట్టిగా మోగితే మన చెవి దాన్ని 'శబ్దం పెరిగింది' అని పట్టుకోదు, 'ఇది బాగుంది' అని తీర్పు చెప్పేస్తుంది. అందుకే పోల్చేముందు వోల్ట్‌మీటర్‌తో రెండింటినీ సమం చెయ్యాలి. ఈ ఒక్క పని చేస్తే సగం వాదనలు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

రెండోది కన్ను. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 40 మంది శ్రోతల చేత ఒకే స్పీకర్లకి రెండుసార్లు మార్కులు వేయించారు: ఒకసారి చూస్తూ, ఒకసారి తెర వెనక పెట్టి. చూసినప్పుడు పెద్ద, ఖరీదైన స్పీకర్లకి మార్కులు పెరిగాయి, చిన్న ప్లాస్టిక్ స్పీకర్లకి తగ్గాయి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇంకో ప్రయోగం అచ్చువేశారు. సీడీని మించిన నాణ్యత అని అమ్మే రికార్డింగులని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

ఈ పరీక్ష ఇంట్లోనూ చెయ్యొచ్చు. మిత్రుడెవరైనా మీకు కనబడకుండా, నాణెం ఎగరేసి వైర్లు మార్చాలి. ఏ వైరు మోగుతోందో మీరు 16 సార్లు చెప్పాలి. ఊరికే ఊహిస్తే 12 గానీ అంతకు మించి గానీ సరిపోయే అవకాశం నూటికి 4 లోపే. అన్ని చెప్పగలిగితే ఆ వైరు గురించి ఆలోచించడానికి కారణం ఉన్నట్టే.

సాయంత్రం ఫోను పక్కనపెట్టి గంటసేపు పాట మాత్రమే వినేవాళ్లంటే నాకు గౌరవం. అలాంటి వాళ్ల డబ్బు తేడా ఉన్నచోట పడకుండా వైర్లలో కరిగిపోవడమే బాధ. ఆ తేడా స్పీకర్లలో ఉంది, అంతకంటే గదిలో ఉంది. మన ఇళ్లలో సిమెంటు గోడలు, నున్నటి టైల్స్. ఖాళీ గదిలో ఒక్క చప్పట కొట్టండి, గోడల మధ్య టరటరమని సాగడం వినిపిస్తుంది. పాటలోని ప్రతి అక్షరానికీ ఆ తోక అంటుకుంటుంది. దళసరి పరదాలు, తివాచీ, పుస్తకాల బీరువా దాన్ని చాలావరకు అణుస్తాయి.

మంద్రస్వరాలకి మాత్రం పరదాలు చాలవు. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోతుంది. ఆ స్వరాన్ని మోగిస్తూ గదిలో నడిచి చూడండి: గోడ పక్కన హోరు, నట్టనడుమ దాదాపు ఏమీ ఉండదు. కుర్చీ సరిగ్గా ఆ నడుమ పడితే ఏ వైరూ మృదంగం తొప్పిని వెనక్కి తేలేదు. కుర్చీని రెండడుగులు వెనక్కి జరపండి, స్పీకర్లని మూలల్లోంచి ఇవతలికి లాగండి, మళ్లీ వినండి. ఈ మార్పుని పట్టుకోవడానికి 16 ప్రయత్నాలు అక్కర్లేదు.