బ్లీచింగ్ వాసనకు భయపడాలా?

వానలు పడి మునేరు, వాగులు ఎర్రగా పారే రోజుల్లో కంచికచర్ల, నందిగామ వైపు కుళాయి తిప్పితే ఒక్కోసారి బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. "ఈ మందు నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందట" అన్న మాటా వినబడుతుంది. అందులో కొంత నిజముంది. అయితే నేరమంతా క్లోరిన్‌ది కాదు.

1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసే యొహానెస్ రూక్, నది నీళ్లలో క్లోరిన్ కలిపాక క్లోరోఫాం పుడుతోందని తేల్చాడు. ఆకులూ అలములూ నాచూ కుళ్లితే వాటి సారం నీళ్లలోకి దిగుతుంది, పలచటి టీ డికాక్షన్‌లాగా. క్లోరిన్ దాంతో కలిసినప్పుడే ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు తయారవుతాయి. క్లోరోఫాం మొదటి రకానిదే. నీళ్లు ఎంత మురికైతే, క్లోరిన్ వాటిలో ఎంతసేపుంటే ఇవి అంత ఎక్కువ. మన ఎండలు కూడా ఓ చెయ్యి వేస్తాయి.

ఎక్కువ మోతాదులో క్లోరోఫాం ఇచ్చిన ఎలుకలకు క్యాన్సర్ వచ్చిందని 1976లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. మనుషుల్లో, దశాబ్దాల తరబడి ఇలాంటి నీళ్లు తాగినవారికి మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కారణం ఇదేనని ఇంకా గట్టిగా తేలలేదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో క్లోరోఫాం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. క్లోరిన్ మాత్రం అదే 0.2కు తగ్గకూడదు! ఒకే అంకె ఒకదానికి గరిష్ఠం, రెండోదానికి కనిష్ఠం. విషయమంతా అందులోనే ఉంది.

క్యాన్సర్ ముప్పు ఏళ్ల లెక్క. వాంతులు, విరేచనాలైతే గంటల్లో మనిషిని కూలదోస్తాయి. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతం అతిసారంతో అల్లాడింది. కాబట్టి ఆ క్రిములను చంపే క్లోరిన్‌ను మానేయడం మందు కాదు.

చేయాల్సింది మురికిని ముందే తీసేయడం. పటికతో తేర్చి, వడగట్టి, ఆ తర్వాతే క్లోరిన్ కలపాలి. బ్లీచింగ్ పొడిని బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లనే ట్యాంకులో పొయ్యాలి. మూతి విప్పి ఉంచిన సంచిలో పొడి పస తగ్గిపోతుంది; అప్పుడు మోతాదు గుడ్డి లెక్కే.

ఇంట్లో మూత తీసి నీళ్లు మరిగిస్తే క్లోరోఫాం చాలావరకు ఆవిరైపోతుంది. హాలోఎసిటిక్ ఆమ్లాలు పోవు. వాటిని తగ్గించడానికి బొగ్గు ఫిల్టరు కావాలి, దాన్ని వేళకు మార్చాలి. ప్లాంటు నుంచి తెచ్చే క్యాను నీళ్లలో సాధారణంగా క్లోరిన్ మిగలదు కాబట్టి, అందులో చెయ్యి ముంచితే క్రిములకు అడ్డు ఉండదు.

పంచాయతీకి వెళ్లినప్పుడు రెండు సంగతులు అడగండి: ట్యాంకు ఎప్పుడు కడిగారు? చివరి వీధి కుళాయిలో క్లోరిన్ ఎంత వచ్చింది?